సంక్రాంతికి ఆట ఆడించబోతున్న మా మేనల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

పండక్కి పిల్లలందర్నీ మేడమీద కూర్చోబెట్టి డంజన్స్ అండ్ డ్రాగన్స్, అదే, ఒకడు కథ నడిపిస్తుంటే మిగతావాళ్ళు అందులో పాత్రలై పాచికలేసి ఆడే ఆట, ఆడిస్తావని అక్క ఫోన్లో చెప్పింది. మన కోనసీమలో, మన ఇంట్లో, అదీ తెలుగులో! ఎంత గర్వంగా అనిపించిందో. ఆ తర్వాత నువ్వు పంపిన నలభై పేజీల రూల్స్ ఫైల్ తెరిచాను, టెన్షన్ పట్టుకుంది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

భోజనాలయ్యాక మొదలుపెట్టు. పెన్సిళ్ళు ఎక్కువ ఉంచుకో. అరుగు మీద మాత్రం వద్దు. పండగ మూడు రోజులూ కోడిపందేల బరుల దగ్గర గుండాట జూదం నడుస్తుంది కదా, వీధిలో పోయేవాళ్ళు పాచికలు చూస్తే ఇదీ అదే అనుకుంటారు, ఆ మాట తాతయ్య చెవిన పడితే ఆట ఆగిపోతుంది.

ఇక అసలు సంగతి. 2004 ప్రాంతంలో అమీర్‌పేట రూమ్‌లో ఇదే ఆట 3.5 ఎడిషన్ ఆడేవాళ్ళం. ఆడించేవాడికి పుస్తకం మొత్తం నోటికి వచ్చు. ముమ్మిడివరం నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడొకణ్ణి నేనే తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. చాలాసేపు నోరు విప్పలేదు. కథలో వంతెన మీద దొంగల నాయకుడు ఎదురుపడేసరికి లేచి నిలబడి, "వాణ్ణి వాటేసుకుని కాలవలోకి దూకేస్తా" అన్నాడు. రూమంతా ఈలలు! ఆడించేవాడు చెయ్యెత్తి ఆగమన్నాడు. ఆ ఎడిషన్లో ఎవర్నైనా పట్టుకోబోతే ముందు అవతలివాడికి మన మీద ఒక ఉచిత దెబ్బ. ఆ దెబ్బ మనకి తగలకపోతేనే మనం వాణ్ణి తాకగలిగామా అని ఒక పాచిక, తాకితే పట్టు దొరికిందా అని ఇద్దరూ మళ్ళీ వెయ్యాలి, అందులో ఒంటి సైజుకి వేరే లెక్క, పట్టుకున్నవాణ్ణి పక్కకి లాగాలంటే ఇంకో పోటీ. ఇదంతా వివరించి, పుస్తకం తిరగేసి, ఇద్దరు ముగ్గురు వాదించుకుని, తీరా వేస్తే ఆ మొదటి ఉచిత దెబ్బే తగిలింది. ప్రయత్నం చెల్లదన్నారు. వాడు ఏమీ అనలేదు. పాచిక బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. తర్వాతి వారం పనుందన్నాడు, ఇక ఎప్పుడూ రాలేదు. నాకు ఇప్పటికీ కోపమేరా. ఆ పిల్లాడు నోరు తెరిచిన ఒక్కసారీ అలా చేశారు.

నువ్వు తీసుకున్న 2014 ఎడిషన్లో పట్టు అంటే ఇద్దరూ చెరోసారి వేస్తే తేలిపోయే పోటీ. దాని మీద మళ్ళీ చేతి చెమట, నేల జారుడు అని సొంత రూల్స్ ఎందుకు పెట్టావు? ఆటగాడికి అనుకూలంగా ఉంటే రెండు పాచికలేసి పెద్దది తీసుకోవడం, లేకపోతే చిన్నది తీసుకోవడం, ఇది పుస్తకంలోనే ఉంది కదరా, చాలు. పాత్ర బలం అంకెని 15తో గుణించి పౌండ్లలో మోసే బరువు కట్టి, కొబ్బరిగెలకి కూడా బరువు రాశావే, అది తీసెయ్. రూల్ గుర్తురాకపోతే అప్పటికప్పుడు ఏదో ఒకటి తేల్చెయ్యి, పుస్తకం ఆటయ్యాక చూసుకో. 1974లో ఈ ఆట మొదట వచ్చినప్పుడు పెట్టెలో ఉన్నవి మూడు చిన్న పుస్తకాలే, చాలా సంగతులు ఆడించేవాడే తేల్చుకునేవాడు.

ఇంకొకటి, ఇది గట్టిగానే చెబుతున్నా. ఆ తుఫాను అధ్యాయం మొత్తం తీసెయ్. గాలికో టేబుల్, నీళ్ళకో టేబుల్, మునిగినవాడు ఎన్ని నిమిషాలు ఊపిరి బిగబట్టగలడో లెక్క. పాత్రకి శరీర దారుఢ్యం అంకె 14 ఉంటే మూడు నిమిషాలు అని రాశావు. పుస్తకం ప్రకారం కరెక్టే. 1996 నవంబర్ 6 తుఫాను రాత్రి అమ్మమ్మ తమ్ముడు ఇంటికి రాలేదు, నీకు తెలుసు. ఆ మేడ కిందే ఆవిడ పడుకుంటుంది. ఎవరు మునిగారో పాచిక వేసి అరిచి చెప్పే ఆట ఆవిడ వినకూడదురా. నీ మీద కోపం కాదు, నువ్వు అప్పటికి పుట్టలేదు. కథ గోదావరి మీదే పెట్టుకో, లంకలు, పంట్లు, ఇసుక తిన్నెలు, పాపికొండల దాకా వెళ్ళనీ, ఎంత బాగుంటుందో. నీళ్ళు మాత్రం ప్రశాంతంగా ఉండనీ.

మీ పిన్ని కూతురు కూడా ఆడుతుందట కదా. ఆ పిల్ల అసలే మాట్లాడదు. దాని వంతు వచ్చినప్పుడు "ఏం చేస్తావు?" అని అడిగి ఊరుకో, పక్కవాళ్ళని అందించనివ్వకు, ఎంతసేపైనా ఆగు. అది ఏం చేస్తానన్నా ఒక్క పాచికతో తేల్చు. ఫైల్ ఒక్క పేజీకి కుదించి ఆదివారం లోపు పంపు, చూసి చెబుతా. పాచికలు నా దగ్గరున్నాయి, తెస్తాను, కొనకు.

మీ మావయ్య