ఎన్95 మాస్కుకి శానిటైజర్ కొట్టకు, విశ్రాంతి ఇవ్వు

చిరంజీవి సుమతికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఎన్95 మాస్కు మీద శానిటైజర్ కొట్టి ఆరబెట్టి మళ్ళీ పెట్టుకుంటున్నానని రాశావు. ముందు ఆ పని మానెయ్యి. క్రిములు చచ్చే మాట నిజమే, దాంతోపాటు మాస్కూ పాడవుతుంది. నా ఉద్యోగమంతా ఆసుపత్రి పరికరాలను శుద్ధి చేసే గదిలోనే గడిచింది. క్రిమిని చంపడం ఎప్పుడూ పెద్ద కష్టం కాదు, వస్తువు చెడకుండా చంపడమే కష్టం.

ఎన్95 మధ్య పొర పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగులతో చేసినది. ఆ పోగుల మధ్య ఖాళీలు దగ్గు, తుమ్ముల్లో వచ్చే చాలా తుంపరల కంటే పెద్దవే. అయినా ఆ తుంపరలు దాటిపోవు, ఎందుకంటే తయారీలోనే పోగులకు విద్యుదావేశం ఎక్కిస్తారు. తలకు రుద్దిన దువ్వెన కాగితం ముక్కల్ని లాగినట్టు, ఆ ఆవేశం తుంపరల్ని పట్టేసుకుంటుంది. 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాల్లో 95 శాతాన్నైనా ఆపడం చాలావరకు దీని చలవే. ఆల్కహాల్, సబ్బు నీళ్ళు తగిలితే ఆ ఆవేశం పోతుంది. పైకి మాస్కు కొత్తదానిలాగే ఉంటుంది, అదే ప్రమాదం. బ్లీచింగ్ నీళ్ళలో ముంచితే ఆ ఘాటంతా నువ్వే పీల్చాలి. మైక్రోవేవ్‌లో పెడితే ముక్కు దగ్గరి లోహపు పట్టీ నిప్పురవ్వలు రాలుస్తుంది. వంట ఓవెన్ల వేడి నిలకడగా ఉండదు, పైగా తిండి వండేచోట వాడిన మాస్కు పెట్టడమేంటి! ఎండలో పరిచినా మడతల్లోకి, లోపలి పొరల్లోకి వెలుగు సరిగ్గా చేరదు.

మరేం చెయ్యాలంటావా? ఏమీ చెయ్యకు, వదిలెయ్యి. 2020లో మాస్కులు దొరకని రోజుల్లో అమెరికా ప్రభుత్వ రోగ నియంత్రణ సంస్థ సీడీసీ కూడా ఆసుపత్రి సిబ్బందికి చెప్పిన మార్గాల్లో ఇదొకటి. కరోనా వైరస్ ప్లాస్టిక్ మీద 72 గంటల వరకు బతికి ఉన్నట్టు అప్పటి ల్యాబ్ పరీక్షల్లో తేలింది. అందుకని ఐదు మాస్కులు దగ్గర ఉంచుకుని, రోజుకొకటి వాడి, వాడినదానికి కనీసం ఐదు రోజులు విశ్రాంతి ఇవ్వమన్నారు. ఐదు కాగితం కవర్లు తీసుకో. ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. కవరు మీద నీ పేరు, వాడిన రోజు రాయి. మాస్కును తాళ్ళు పట్టుకుని తీసి కవర్లో వేసి, గాలి తగిలే పొడిచోట పెట్టు. ముందు భాగం ముట్టుకోకు, పొరపాటున తగిలితే వెంటనే చేతులు కడుక్కో. మళ్ళీ పెట్టుకునేటప్పుడూ అది శుభ్రమైందని కాక, అంటు ఉందనే అనుకుని జాగ్రత్తపడు. ఒకరి మాస్కు ఇంకొకరికి ఇవ్వడమన్న మాటే వద్దు.

గుడ్డ మాస్కుల సంగతి వేరు, వాటిని రోజూ ఉతకాల్సిందే. సబ్బు, 60 డిగ్రీలకు తగ్గని వేడినీళ్ళు చాలు. అంత వేడినీళ్ళు లేకపోతే మామూలు నీళ్ళలో సబ్బుతో ఉతికి, ఆ తర్వాత ఒక నిమిషం మరిగించు. నీలం రంగు సర్జికల్ మాస్కు ఒక్కసారికే, దాన్ని దాచుకునే టెన్షన్ పెట్టుకోకు.

అందరూ శుద్ధి గురించే అడుగుతారు గానీ, పాత మాస్కుతో అసలు చిక్కు బిగుతు దగ్గర వస్తుంది. తాళ్ళు సాగిపోతాయి, పక్కల సందులు పడతాయి. వడపోత ఎంత బాగున్నా గాలి ఆ సందుల్లోంచే వస్తుంది. పెట్టుకున్న ప్రతిసారీ రెండు చేతులతో మాస్కును కప్పి గట్టిగా ఊపిరి వదిలి చూడు. అంచుల్లోంచి గాలి తగిలితే ముక్కు పట్టీ సరిచెయ్యి, తాళ్ళు సర్దు. అయినా ఆగకపోతే ఆ మాస్కు పని అయిపోయినట్టే. తడిసినా, మరకపడినా, చిరిగినా, ఊపిరి ఆడటం కష్టమైనా అంతే. జబ్బుమనిషి దగ్గు తుంపరలు నేరుగా పడ్డ మాస్కుకి ఈ ఐదు రోజుల లెక్క వర్తించదు, అప్పటికప్పుడే తీసెయ్యి. పారేసేటప్పుడు తాళ్ళు కత్తిరించి, కవర్లో మూట కట్టి, మూత ఉన్న చెత్తబుట్టలో వెయ్యి. ఆ వెంటనే చేతులు సబ్బుతో కడుక్కో.

ఇట్లు,
మీ పెద్దమ్మ