ఊరి రేపటి పటం: డ్రాయింగ్ టీచరుగా చేరిన అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో ‘2050లో మా ఊరు’ అని చేర్యాల పద్ధతిలో, అంటే పొడవాటి బట్ట మీద కథను గడులు గడులుగా గీసే తెలంగాణ పద్ధతిలో, ఒక పటం గీయించాలనుకుంటున్నానని రాశావు. బట్ట ఎలా సిద్ధం చేయాలి, రంగులు ఎక్కడ దొరుకుతాయి అని అడిగావు. అవన్నీ రాస్తాను. కానీ బిడ్డా, ఇలాంటి పని చెడిపోయేది బట్ట దగ్గర కాదు, మనం పిల్లల్ని అడిగే ప్రశ్న దగ్గర. ‘భవిష్యత్తును ఊహించి గీయండి’ అంటే ఏం వస్తుందో నీకూ తెలుసు. కన్నీళ్లు కార్చే భూగోళం, రెండు దోసిళ్లలో మొలక, సగం ఎండిన చెట్టు సగం పచ్చని చెట్టు, మూలన ఒక గాలిమర. పిల్లలకు ఊహ లేక కాదు. పోటీల్లో బహుమతులు వచ్చేది ఆ బొమ్మలకే కనుక మనం అడిగేదీ అదేననుకుంటారు. అలాంటి బొమ్మను ఊళ్లో అందరూ మెచ్చుకుంటారు, ఎవరూ దానితో వాదించరు. ఎవరూ వాదించలేని బొమ్మతో ఊరికి పని లేదు. చెరువు కింది రైతు ఆ పటం ముందు నిలబడి ‘తూము అక్కడ పెడితే నీళ్లు నా మడికి ఎక్కవు’ అనాలి. ఈ ఉత్తరంలో చెప్పేదంతా ఆ మాట అనిపించుకోవడానికే.

అందుకని జులై, ఆగస్టు నెలల్లో బ్రష్షు ముట్టనివ్వకు. నోటు పుస్తకం, పెన్సిలు, వంద అడుగుల టేపు ఇచ్చి ఊళ్లోకి పంపు. ముందు ఇప్పుడున్నది గీయాలి: చెరువు కట్ట, అలుగు, తూము, వాగు, బోర్లు, మంచినీళ్ల ట్యాంకు, చెత్త ఎక్కడ పడేస్తున్నారు, ఏ చెట్టు కింద మనుషులు కూర్చుంటారు. ఆ తర్వాతే ప్రశ్నలు. ‘ఇప్పుడు పదమూడేళ్లున్న నీకు 2050లో నలభై దగ్గరపడతాయి. ఆ రోజు పొద్దున ఏ పని మీద ఎక్కడికి పోతున్నావు? నీ బిడ్డ తాగే నీళ్లు ఎక్కడివి? వండేది దేనితో? పెంట ఎక్కడికి పోతున్నది? మధ్యాహ్నం ఎండకు కూలికి పోయినవాళ్లు ఎక్కడ నిలబడతారు?’ ఇలా అడిగితే పిల్లలు గాలిలో ఎగిరే కార్లు గీయరు. చెరువు విషయంలో ఇంకా గట్టిగా అడగాలి. చెరువుల బాగు కోసం 2015లో మొదలైన మిషన్ కాకతీయలో మీ చెరువు పూడిక తీశారనుకో, ఆ పూడిక మళ్లీ చేరుతూనే ఉంటుంది. 2050 లోపల దాన్ని ఎవరు తీస్తారు, ఆ మట్టి ఎవరి చేలకు పోతుంది? బొమ్మలో పార పట్టుకున్న మనిషి కనపడాలి. ఎవరూ పని చేయకుండానే పచ్చగా ఉన్న ఊరు గీశారంటే ప్రశ్న సరిగ్గా దిగలేదని అర్థం.

లెక్కలు చేయించు. డ్రాయింగ్ పీరియడ్‌లో లెక్కలేమిటని హెడ్మాస్టరు అడిగితే బొమ్మ కొలత కోసమని చెప్పు. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. బడి కప్పు 200 చదరపు మీటర్లు, ఏడాది వాన 800 మిల్లీమీటర్లు అనుకుని, అయిదో వంతు నష్టం తీసేసినా 1,28,000 లీటర్లు వస్తాయి. పిల్లలు కప్పు పక్కన ఒక డ్రమ్ము గీసి ఊరుకుంటారు. 10,000 లీటర్ల తొట్టి అంటే రెండున్నర మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు. అది బొమ్మలో మనిషి కంటే ఎత్తుగా రావాలి, లేదా నేలలోకి దిగాలి. సోలారు కూడా అంతే. ఒక కిలోవాటు పలకలకు సుమారు వంద చదరపు అడుగుల నీడలేని జాగా కావాలి. 5 హెచ్‌పీ మోటారుకు దాదాపు 5 కిలోవాట్లు, అంటే అయిదు వందల చదరపు అడుగులు. బావి గట్టున పుస్తకమంత పలక గీసిన పిల్లవాడికి ఇది చెప్పు, ‘మరి ఆ జాగా ఎవరి పొలంలోంచి తీస్తారు, దాని కింద ఏం పండుతుంది’ అని వాడే ఆలోచనలో పడతాడు. మంచి బొమ్మలు అక్కడి నుంచే పుడతాయి. ఇంకొక మాట. రేపటి ఊరంటే యంత్రాలే అన్నట్టు కొందరు గీస్తారు. జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పాత పంటల జాతరలో ఎడ్లబండ్లు అలంకరించి విత్తనాలు ఊరూరా తిప్పుతాయి. ఆ ఫొటోలు చూపించు. విత్తనాల బుట్ట కూడా రేపటి బొమ్మేనని తెలుస్తుంది.

పాతకాలం పటాలు కులానికొకటి ఉండేవి. ఆ పటం చూపుతూ పద్మశాలీల కథ కూనపులివాళ్లు చెప్పేవారు, మాదిగల కథ డక్కలివాళ్లు చెప్పేవారు. మీది ఊరంతటికీ ఒకే పటం. కాబట్టి పెన్సిలు బొమ్మలు అయ్యాక ఒకరోజు కూర్చుని ఎవరి వాడ రాలేదో చూడు. సాధారణంగా ఊరి చివరి ఇళ్లు, వలస వచ్చిన ఇటుక బట్టీ కూలీలు, ముసలివాళ్లు, ఇంటిపని చేసే ఆడవాళ్లు రారు. చక్రాల కుర్చీలో కూర్చునే పిల్ల ఉంటే ఆమె పోయే దారి కూడా పటంలో ఉండాలి. అది ఎవరి ఇష్టానికీ వదిలేయకు, ఇది తప్పనిసరి.

ఖాకీ కాగితం మీద తీసిన చిత్తుబొమ్మలు అక్టోబరు 2 గ్రామసభకు తీసుకుపో. పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక పని ఆ రోజుల్లోనే మొదలవుతుంది. అక్కడ వచ్చిన అభ్యంతరాలు పిల్లలే రాసుకోవాలి. రంగుల పటం జనవరి 26 గ్రామసభకు సిద్ధం చేసుకో. నవంబరులో బట్ట, డిసెంబరులో రంగులు. వానాకాలంలో బట్ట జోలికి పోవద్దు, జిగురు పులుస్తుంది, పూత ఆరదు, బూజు పడుతుంది.

ఇక బట్ట. మూడడుగుల వెడల్పు ఉన్న ముతక ఖద్దరు, చలువ చేయనిది, ఏడు మీటర్లు కొను. పాత పటాలు నలభై యాభై అడుగులు ఉండేవి, మీకు ఇరవై ఒక్క అడుగులు చాలు. అడుగున్నర ఎత్తు గడులు పన్నెండు వస్తాయి, గడికి ఇద్దరేసి పిల్లలు. బట్టను చాకలి సోడా వేసిన నీళ్లలో అరగంట ఉడకబెట్టి, జాడించి ఆరేయించు. ఇది చేయకపోతే నేతలో పెట్టిన గంజి మీద మన పూత పట్టదు, తడి తగిలినప్పుడు బట్ట ముడుచుకుని పూత పగులుతుంది. చేర్యాల పటాలు గీసే నకాషీ చిత్రకారులు ఒకే చుట్ట మీద విప్పుకుంటూ గీస్తారు. ఇరవై నాలుగు మంది పిల్లలకు అది కుదరదు, సగంమందికి బొమ్మ అడ్డంగా కనపడుతుంది. అందుకే పూతకు ముందే నాలుగు ముక్కలు చెయ్యి, ముక్కకు మూడు గడులు. గీశాక వాటిని మళ్లీ కలిపి కుట్టాలి కనుక, కుట్టు వచ్చే అంచున అంగుళన్నర పూత వేయకుండా వదులు. పూత మీద సూది దిగితే పెచ్చులు లేస్తాయి. మొదటి ముక్క పైన, చివరి ముక్క కింద అడుగు చొప్పున కర్రలకు వదలాలి.

పూతకు అరకిలో చింతగింజలు. దోరగా వేయించి, పొట్టు రాలగొడితే సుమారు 350 గ్రాముల పప్పు వస్తుంది. రాత్రి నానబెట్టి, మెత్తగా రుబ్బి, నాలుగు లీటర్ల నీళ్లలో కలిపి, సన్నసెగ మీద గరిటె తిప్పుతూ అరగంట ఉడికించాలి. 250 గ్రాముల బియ్యప్పిండితో రెండు లీటర్ల గంజి కాచు. రెండు కిలోల సుద్ద మట్టి ముందురోజే నానబెట్టి పలుచని బట్టలో వడకట్టు. వంద గ్రాముల తుమ్మ బంక 200 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించు. ఒక్కసారే అంతా వండకు, జిగురు రెండురోజులకు మించి నిలవదు, సగం సగం చెయ్యి. మొదటి పూతలో సుద్ద వద్దు, చింతగింజల జిగురు, గంజి మాత్రమే, పలుచగా, బట్ట నేతలోని సందులు మూసుకునేంత. రెండు, మూడు పూతల్లో సుద్ద, బంక కలపాలి. ప్రతి పూతా నీడలో ఆరాలి. ఎండలో పెడితే పైపొర ముందు బిగిసి బట్ట వంకర తిరుగుతుంది. ఆఖరున నున్నటి గులకరాయితో రుద్దాలి.

పెద్ద బట్ట మీదికి పోయే ముందు చేతిరుమాలంత ముక్క మీద మూడు పూతలూ వేసి, ఆరాక రెండంగుళాల పైపుకు చుట్టి చూడు. పగిలితే బంక ఎక్కువైందని, లేదా పూత మందమైందని. వేలితో రుద్దితే తెల్లపొడి అంటితే సుద్ద ఎక్కువైంది, జిగురు పెంచాలి. ఈ పరీక్ష ఎగ్గొట్టినవాళ్ల పటమే తీరా విప్పేరోజు చీలికలుగా రాలుతుంది. పురుగు పట్టకుండా కొందరు జిగురులో మైలుతుత్తం వేస్తారు, అది విషం, పిల్లలున్న చోట వద్దు. నాలుగైదు చుక్కల లవంగ నూనె సరిపోతుంది.

రంగుల్లో ముందు వద్దన్నవి చెబుతాను. చేర్యాల ఎరుపుకు పేరు పడిన ఇంగిలీకంలో పాదరసం ఉంటుంది, పసుపుపచ్చకు వాడే హరిదళంలో ఆర్సెనిక్ ఉంటుంది. సంప్రదాయమని మోజుపడి ఆ రెండూ బడిలోకి తేవద్దు. వంటపసుపు కూడా వద్దు, వెలుతురుకు నెలల్లో పాలిపోతుంది. ఎరుపుకు జాజు అనే ఎర్రమట్టి కిలో, పసుపుకు యెల్లో ఆకర్ అనే పచ్చమట్టి అరకిలో, నీలికి నీలిమందు బిళ్లలు వంద గ్రాములు, నలుపుకు ఆముదం దీపం మసి, తెలుపుకు మిగిలిన సుద్ద. ఆకుపచ్చ అంటే నీలిమందు, పచ్చమట్టి కలిపినదే. ఇలాంటి బొమ్మల్లో ముందు అయిపోయేది అదే, రెట్టింపు కలిపి పెట్టుకో, మధ్యలో మళ్లీ కలిపితే అదే ఛాయ రాదు. జాజును నీళ్లలో కలిపి ఒక నిమిషం ఆగి, పైన తేలిన ఎర్రనీళ్లు వేరే గిన్నెలోకి వంచు. అడుగున మిగిలేది ఇసుక. వంచిన నీళ్లు రాత్రంతా పేరుకున్నాక పైనీళ్లు తీసేస్తే మెత్తని రంగు మిగులుతుంది. మసి నీళ్లలో కలవదు, తేలుతుంది. ముందు రెండు చుక్కల బంకతో మెదిపి తర్వాత నీళ్లు పొయ్యాలి. అన్నిటికీ జిగురు తుమ్మ బంకే, అరకిలో బంకకు లీటరు నీళ్లు, రాత్రి నానబెట్టి వడకట్టు. ఆరిన రంగు వేలికి అంటితే బంక తక్కువ, మెరిసి చిట్లితే ఎక్కువ.

గీసే వరుస మారకూడదు. తెల్ల పూత మీద పెన్సిలు గీత, ఆ తర్వాత బొమ్మల చుట్టూ ఎర్ర జాజు నింపడం, తర్వాత మనుషులు, చెట్లు, నీళ్లు, ఆఖరున నల్ల గీత. ముందే అంతటా ఎరుపు పూసి దానిమీద పచ్చ వేస్తే కింది బంక కరిగి రెండూ కలిసి బురదరంగు అవుతుంది. చెయ్యి ఆనించే చోట కాగితం పెట్టుకోమను, చెమటకు రంగు లేస్తుంది. కథ నడిపే మనిషిని ఒక్కరిని ఎన్నుకోమను. ఆమె అన్ని గడుల్లోనూ అదే రంగు బట్టల్లో ఉండాలి, గడిగడికీ వయసు పెరగాలి. ఈ ఒక్క నియమం తప్పితే పన్నెండు గడులు పన్నెండు వేరే బొమ్మలుగా మిగిలిపోతాయి. చెట్లకూ వయసు ఉంటుంది. ఇవాళ నాటిన చింత రెండో గడిలోనే కాయలతో ఉండకూడదు, కాపుకు చాలా ఏళ్లు పడుతుంది.

వీలైతే చేర్యాల నుంచి ఒక చిత్రకారుడిని ఒక రోజుకు పిలిపించు, కూలి, దారిఖర్చు ముందే మాట్లాడుకుని ఇవ్వు. ఆ కళకు భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు అక్కడివాళ్ల పనికే చెందుతుంది, పిల్లల పటాన్ని చేర్యాల పటమని పేరుపెట్టి అమ్మకూడదు. ఆ పద్ధతిలో పిల్లలు గీసినదని చెప్పుకోవచ్చు.

గ్రామసభలో నువ్వు మాట్లాడకు. ఇద్దరు పిల్లలు పటం పట్టుకోవాలి, ఒకరు కర్రతో గడి చూపాలి, ఒకరు కథ చెప్పాలి, గడికి రెండు నిమిషాలు మించకూడదు. ఎవరైనా ‘ఇది అయ్యే పని కాదు’ అంటే పిల్లలు తమ లెక్క చెప్పాలి. లెక్క తప్పని తేలితే ఆ గడి మీద సుద్ద పూసి మళ్లీ గీయాలి, దానికి కొంచెం పూత, రంగు దాచి ఉంచు.

తర్వాత నాలుగంగుళాల పీవీసీ గొట్టానికి, బొమ్మ బయటివైపు వచ్చేలా చుట్టు. లోపలివైపు చుడితే పూత నలిగి ముడతలు పడుతుంది. పాత నూలు బట్టలో కట్టి, ఎండిన వేపాకు వేసి బీరువా పైఅరలో పెట్టు. గంజి ఉన్న బట్టంటే ఎలుకలకు ఇష్టం, కింద పెట్టకు. పాలిథీన్ సంచి అసలే వద్దు, లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. ఏడాదికి రెండుసార్లు విప్పి నీడలో గాలికి ఆరేయాలి. చింతగింజలు ఇప్పుడే పోగు చేయమను, చింతపండు కొట్టిన ఇళ్లల్లో వేసవి తర్వాత పారేస్తారు.

ఆశీస్సులతో,
పెదనాన్న