ముందు చిగుళ్లు, ఆ తర్వాతే క్యాపులు

అబ్బీ,

మీ అమ్మ పళ్ల ఎక్స్‌రే, డాక్టరు రాసిచ్చిన ఎస్టిమేటు రెండూ చూశాను. ఎనిమిది క్యాపులు, ఒక బ్రిడ్జి (పక్క పళ్ల మీద ఆనించి కట్టే పళ్లు) మొదట్లోనే ఉన్నాయి. చిగుళ్ల సంగతి చివర ‘క్లీనింగ్’ అని ఒక్క ముక్క. ఈ వరస తిరగబడాలి. చీము కారే చిగురు మీద క్యాపు వేస్తే, వాపు తగ్గాక చిగురు వెనక్కి జరుగుతుంది. క్యాపు అంచు బయటపడి ఆ సందులో మళ్లీ పాచి చేరుతుంది. బ్రిడ్జి ఇంకా ప్రమాదం. మోసే పన్ను కదిలిందంటే మొత్తం పోయినట్టే.

ముందు మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయించు. షుగరు అదుపులో లేకపోతే చిగురు సరిగా మానదు, చిగుళ్లలో చీముంటే షుగరూ తొందరగా దిగదు. రక్తం పలచబడే మాత్రలు, ఎముకల బలానికి వాడే మాత్రలు, ఇంజెక్షన్లు ఏవైనా ఉంటే పన్ను పీకకముందే చెప్పాలి. ఏ మాత్రా మీ అంతట మీరు ఆపొద్దు.

తర్వాత చిగురు కొలత. మిల్లీమీటరు గీతలున్న సన్నని కడ్డీని పన్నుకూ చిగురుకూ మధ్య దించి, ఒక్కో పన్ను చుట్టూ ఆరు చోట్ల కొలిచి రాసుకుంటారు. 3 దాకా ఫర్వాలేదు. 4, 5 వస్తే జబ్బు ఉన్నట్టు. 6, ఆపైన అయితే బాగా లోతుకు పోయినట్టు. ఈ కొలత లేని ఎస్టిమేటుకు డబ్బు కట్టొద్దు.

చిగురు కింద వేళ్ల మీది గార తీయాలంటే మత్తిచ్చి, నోటిని రెండు మూడు విడతలుగా చేస్తారు. గార పోయాక పళ్ల మధ్య సందులు తేలతాయి, చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుంది, కొన్ని పళ్లు కదిలినట్టుంటాయి. ‘మిషను పెట్టి పళ్లు కదిలించేసినారు’ అని ఊళ్లో తిట్టేది ఇందుకే. ఎముక ఎప్పుడో కరిగింది, గార పట్టుకుని ఉండబట్టి తెలియలేదంతే. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి మళ్లీ కొలిపించు. అప్పటికీ లోతు తగ్గని చోటే చిగురు తెరిచి శుభ్రం చేసే ఆపరేషను అవసరమవుతుంది.

ముందుపళ్ల మీది గోధుమరంగు చారలు గార కాకపోవచ్చు. అనంతపురం వైపు బోరునీళ్లు తాగి పెరిగినవాళ్లకు ఫ్లోరైడు మరకలు చిన్నప్పుడే పంటి పింగాణీలో పడతాయి. గీకితే పోవు.

పుచ్చు నరం దాకా పోయి, వేరు గట్టిగా ఉన్న పన్నుకు రూట్ కెనాల్, అంటే లోపలి నరం తీసి నింపడం. దవడపన్నయితే దానిమీద క్యాపు వేయించకపోతే పగిలిపోయే అవకాశం ఎక్కువ. ఇక నిలవదన్న పన్ను పీకించేయడమే. ఆ రోజు టిఫిను తిని, షుగరు మాత్ర వేసుకుని, పొద్దున్నే వెళ్లాలి. పీకిన చోట పెట్టే దూదిని ముప్పావుగంట కరిచి పట్టుకోవాలి. ఆ రోజంతా ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు, స్ట్రాతో తాగొద్దు. గుంతలో గడ్డకట్టిన రక్తమే ఆ పుండుకు కట్టు. అది లేచిపోతే రెండు మూడు రోజుల్లో చెవిలోకి పొడిచే నొప్పి మొదలవుతుంది. మరుసటి రోజునుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు. చల్లారిన సంకటి, మెత్తటి పప్పు పెట్టు. ఊరిబిండి, బొరుగులు వారం ఆగాలి. వక్కాకు ఇకమీదట వద్దే వద్దు.

పోయిన పళ్ల చోట ఏం పెట్టాలన్నది తొందరపడి తేల్చొద్దు. పీకిన చోట ఎముక మొదటి మూడు నాలుగు నెలలూ బాగా కుంగుతుంది. ఆలోపే కట్టుడుపళ్ల సెట్టు కట్టిస్తే వదులై, లోపల మళ్లీ సర్దించాల్సి వస్తుంది. ఇంప్లాంటు, అంటే ఎముకలో బిగించే స్క్రూ, ఎముకలో అతుక్కోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. చిగుళ్ల జబ్బు, షుగరు అదుపులోకి రాకుండా అది దండగ. నన్నడిగితే ఎముక కుదురుకున్నాక మీ అమ్మకు తీసిపెట్టుకునే సెట్టే మేలు. రాత్రి తీసి మామూలు నీళ్లలో వేయాలి. వేడినీళ్లలో వేస్తే వంకరపోతుంది.

కడప గవర్నమెంటు డెంటల్ కాలేజీలో ఖర్చు తక్కువ, తిరుగుడు ఎక్కువ. ఒక్కో పని ఒక్కో విభాగంలో చేస్తారు. చీటీలు, ఎక్స్‌రేలు ఒకే ఫైల్లో పెట్టుకుని పొద్దున్నే వెళ్లు.

ఇంట్లో బొగ్గుపొడి తీసిపారేయి. మెత్తటి బ్రష్షును చిగురంచుకు ఏటవాలుగా ఆనించి రెండు నిమిషాలు, పూటకోసారి. సందుల్లోకి పట్టే చిన్న బ్రష్షు రాత్రిపూట. పుక్కిలించే క్లోర్‌హెక్సిడిన్ మందునీళ్లు రెండు వారాలకు మించితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి. పని ముగిశాక కూడా మూడు నెలలకోసారి చిగుళ్లు చూపించాలి.

అడ్వాన్సు కట్టకపోతే ఆగు. కట్టేసుంటే చిగురు రెండోసారి కొలిచేదాకా క్యాపుల అచ్చు తీయొద్దని చెప్పు.

మీ మామ