ఫ్యాన్ గోల ఆపడానికి డిఫెండర్ ఆపేస్తారా?

ప్రశ్న: నాలుగేళ్ల ల్యాప్‌టాప్, ఫ్యాన్ ఒకటే గోల. ఫ్యాన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ వేద్దామంటే విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్, డిఫెండర్, ఒప్పుకోవట్లేదు. డిఫెండర్ ఆపేసి ఇన్‌స్టాల్ చేసుకోవచ్చా?

వద్దండీ. ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది, కొంతమందైతే ఆపేసి ఇన్‌స్టాల్ చేసుకున్నాక అడుగుతున్నారు, నాకు భయం అక్కడే. ఫ్యాన్ స్పీడ్ మార్చాలంటే హార్డ్‌వేర్ మీద నేరుగా చెయ్యి వెయ్యాలి, దానికి కెర్నెల్ లెవెల్ డ్రైవర్, అంటే విండోస్ గుండెకాయలోనే పూర్తి అధికారంతో నడిచే చిన్న ప్రోగ్రామ్, కావాలి, ఇలాంటి ఫ్రీ టూల్స్ చాలావాటిలో ఉండేది విన్‌రింగ్‌జీరో అనే పాత డ్రైవర్. దాంట్లో లోపం 2020లోనే బయటపడింది, మామూలు యూజర్ అకౌంట్‌లో నడిచే ప్రోగ్రామ్ కూడా దాన్ని పట్టుకుని సిస్టమ్ మొత్తం గుప్పిట్లో పెట్టుకోగలదు. 2025 మార్చి నుంచి డిఫెండర్ దాన్ని అడ్డుకుంటోంది. టూల్ రాసినోళ్లు మంచోళ్లే అయ్యుండొచ్చు, కానీ ఆ డ్రైవర్ ఉన్నంతసేపూ దొంగ ప్రోగ్రామ్‌లకీ అదే దారి. డ్రైవర్ మార్చిన కొత్త వెర్షన్ ఉంటే అది వేసుకోండి.

ముందు ఆ గోల చెవిపెట్టి వినండి. గాలి హోరైతే దుమ్మో, లోడో. ఏ పనీ చెయ్యకుండానే హోరెత్తి, ఏ ప్రోగ్రామ్ ఎంత పనిచేస్తోందో చూపే టాస్క్ మేనేజర్ తెరవగానే తగ్గిపోతుంటే మాత్రం అనుమానించండి, క్రాక్ సాఫ్ట్‌వేర్‌తో దూరే క్రిప్టో మైనర్లు (మీ కంప్యూటర్‌తో దొంగచాటుగా క్రిప్టో కరెన్సీ సంపాదించుకునే ప్రోగ్రామ్‌లు) కొన్ని అది తెరుచుకోగానే పని ఆపి దాక్కుంటాయి. వెంటనే డిఫెండర్‌లోనే ఉండే ఆఫ్‌లైన్ స్కాన్, అంటే విండోస్ పూర్తిగా మొదలవకముందే వెతికేది, పెట్టండి.

మొన్న మా అక్క ల్యాప్‌టాప్ విప్పితే ఫ్యాన్ రెక్కలు శుభ్రంగానే ఉన్నాయి, ఫ్యాన్‌కీ, వేడిని బయటికి పంపే హీట్‌సింక్ రేకులకీ మధ్య మాత్రం దుమ్ము దుప్పటి ముక్కలా పేరుకుని, ట్వీజర్‌తో లాగితే ఒకే పట్టీగా ఊడొచ్చింది. బ్లోయర్ కొట్టేటప్పుడు రెక్క తిరక్కుండా టూత్‌పిక్ అడ్డం పెట్టండి, లేకపోతే విపరీతమైన స్పీడ్‌లో తిరిగి బేరింగ్ పాడవుతుంది.

గరగర అయితే బేరింగే. స్లీవ్ బేరింగ్‌లో ఇరుసు నూనె పొర మీద తిరుగుతుంది, ఏళ్ల తరబడి వేడికి ఆ నూనె ఎండిపోతుంది, మొదట్లో పొద్దున్నే ఆన్ చేసినప్పుడు గరగరలాడి వేడెక్కాక సర్దుకుంటుంది, తర్వాత్తర్వాత అదీ ఉండదు. కొబ్బరినూనె చుక్క వెయ్యకండి, చలికాలం గడ్డకడుతుంది. ఫ్యాన్ మార్చేయండి.

నాకు కోపమొచ్చేది ఇక్కడే. ఫ్యాన్ డబ్బా మీద 40,000 గంటలు అని వేస్తారు, అంటే ఆగకుండా తిరిగితే నాలుగున్నరేళ్లు, కానీ ఎంత వేడిలో లెక్కేశారో చాలామంది వెయ్యరు. ఎల్‌10 లెక్కైతే అది నూటికి పది ఫ్యాన్లు పోయేసరికి పట్టే టైమ్, సగటు ఆయుష్షు కాదు. అరిగిపోయే పార్ట్ అని తెలిసి కూడా కొన్ని సన్న ల్యాప్‌టాప్‌లలో దాన్ని మదర్‌బోర్డు కింద పెడుతున్నారు, అరచేతిలో పట్టే ఫ్యాన్ మార్చాలంటే బోర్డు మొత్తం పైకి లేపాలి. ఈసారి కొనేముందు, కింది మూత తీయగానే ఫ్యాన్ చేతికందుతుందా అని షాపులో అడగండి.