స్టేషన్‌లో కియోస్క్ తీసుకోవచ్చా?

ప్రశ్న: రైల్వే, మెట్రో స్టేషన్లలో పత్రికలు, నీళ్ల సీసాలు, బిస్కెట్లు అమ్మే కియోస్క్‌ల సంస్థ ఒకటి మాకు ఫ్రాంచైజీ ఇస్తానంటోంది. ఐదేళ్ల ఒప్పందం. మావారి పదవీ విరమణ డబ్బు పెట్టాలనుకుంటున్నాం. రోజూ వేలమంది తిరిగే చోట నష్టం రాదని సంస్థ ప్రతినిధి అంటున్నారు. నమ్మవచ్చా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, స్టేషన్ స్టాలు నడిపిన అనుభవంతో చెబుతున్నాను. వ్యాపారం మంచిదే. బ్రిటన్‌లో డబ్ల్యు.హెచ్. స్మిత్ సంస్థ 2025లో ఊరి వీధుల్లోని దుకాణాలన్నీ అమ్మేసి, స్టేషన్లలో, విమానాశ్రయాల్లో, ఆసుపత్రుల్లో ఉన్నవాటిని అట్టిపెట్టుకుంది. నా భయమంతా మీ చేతికి వచ్చే ఒప్పందం గురించే.

ఆ చోటు సంస్థ సొంతం కాదు. స్టేషన్ యాజమాన్యం సంస్థకు లైసెన్సు ఇస్తే, అందులోంచి సంస్థ మీకు ఒక ముక్క ఇస్తోంది. అసలు లైసెన్సుకు రెండేళ్లే మిగిలి ఉంటే మీ ఐదేళ్ల ఒప్పందం దేనికి పనికొస్తుంది? ఇది ఊహించి చెబుతున్నది కాదు. ఇందాక చెప్పిన సంస్థే 1848లో లండన్ యూస్టన్ స్టేషన్‌లో మొదలుపెట్టి రైల్వే స్టాళ్లలో మకుటం లేని మహారాజుగా వెలిగింది. అంతటి సంస్థ కూడా రెండు రైల్వే కంపెనీలతో బేరం కుదరక 1905 చివరికల్లా రెండు వందలకు పైగా స్టాళ్లు పోగొట్టుకుంది. పెట్టుబడి ఉంది కాబట్టి స్టేషన్లకు దగ్గర వీధుల్లో ఆగమేఘాల మీద దుకాణాలు తెరిచి నిలదొక్కుకుంది. ఒక్క కియోస్క్ మీద ఆధారపడ్డ మీకు ఆ దారి ఉండదు. కాబట్టి అసలు లైసెన్సు చూపించమనండి. అది మధ్యలో రద్దయితే మీ డిపాజిట్ ఎవరు, ఎన్నాళ్లలో తిరిగిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి.

తర్వాత చూడవలసింది రాయల్టీ, అంటే తన పేరు వాడుకున్నందుకు సంస్థ మీ దగ్గర తీసుకునే వాటా. అది సాధారణంగా లాభం మీద కాదు, అమ్మకం మీద తీసుకుంటారు. పత్రికల మీద, రీచార్జిల మీద మిగిలేది స్వల్పం. వందకు నాలుగు మిగిలే సరుకు మీద సంస్థ వందకు ఆరు తీసుకుంటే అమ్మినకొద్దీ నష్టమే. అలాంటి సరుకును రాయల్టీ నుంచి మినహాయిస్తారా అని సూటిగా అడగండి. అమ్ముడుపోని పత్రికలు వెనక్కి తీసుకుంటారో లేదో కూడా తెలుసుకోండి.

మొదటి రైలు నుంచి చివరి రైలు దాకా తెరిచి ఉంచాలన్న షరతు ఉందేమో చూడండి. ఉంటే మీ ఇద్దరివల్లా కాదు, జీతగాడు తప్పదు. తెల్లవారకముందే వచ్చే పత్రికల కట్టలు విప్పి, లెక్కచూసి, అనుబంధాలు లోపల పెట్టి సర్దేలోపే మొదటి రైలు జనం మీద పడతారు. మీవారికి చేతకాదని కాదు గానీ, విశ్రాంతి కోరుకునే వయసులో ఇది చిన్న పని కాదు.

ఇక వేలమంది సంగతి. నడిచేవాళ్లందరూ కొనరు. రైలు అందుకోబోయే మనిషి ఒక కన్ను బోర్డు మీద వేసి, చేతికి అందినది తీసుకుని, చిల్లర కోసం కూడా ఆగలేడు. దిగి ఇంటికి వెళ్లేవాడు తల తిప్పడు. అందుకే స్టాలు ఎక్కేవాళ్లు నడిచే వైపున ఉందా, టికెట్ గేట్లకు ముందా వెనకా అన్నదాన్ని బట్టి అమ్మకం తారుమారవుతుంది. సంస్థ చెప్పే లెక్కతో సరిపెట్టుకోకుండా మీరే వెళ్లి ఒక పనిదినం పొద్దున, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ చోట నిలబడండి. ఎంతమంది ఆగారో, ఏం కొన్నారో రాసుకోండి. పక్కన నడుస్తున్న స్టాలు యజమానితోనూ మాట్లాడండి.

అసలు లైసెన్సు ప్రతి చూపించడానికి సంస్థ వెనకాడితే మాత్రం అడ్వాన్సు కట్టవద్దు.