మైన్‌క్రాఫ్ట్ గని: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: వజ్రాల కోసం వై 11లో (వై అంటే ఆటలో ఎత్తు, లోతు చూపే అంకె) తవ్వమని మా అన్నయ్య చెప్పాడు. వారం రోజులుగా అక్కడే తవ్వుతున్నాను. బొగ్గు, ఇనుము వస్తున్నాయి గానీ ఒక్క వజ్రం తగల్లేదు. తప్పు ఎక్కడుంది? (ఖమ్మం)

జవాబు: మీ అన్నయ్య చెప్పింది ఒకప్పుడు సరైన మాటే. 2021 నవంబరు 30న 1.18 వెర్షన్ వచ్చాక లెక్క మారిపోయింది. అంతకుముందు ఆటలో భూమి అడుగు వై సున్నా దగ్గరుండేది, ఇప్పుడది మైనస్ 64. వజ్రాలు వై 16 దగ్గర మొదలై లోతుకు వెళ్లేకొద్దీ పెరుగుతాయి. 11లో అసలుండవని కాదు, చాలా అరుదు. మీరు దిగాల్సింది మైనస్ 59కి. అంతకన్నా కిందికి వెళ్తే బెడ్‌రాక్ అడ్డొస్తుంది. మైనస్ 60 నుంచి అడుగుదాకా అది ముక్కలు ముక్కలుగా పరుచుకుని ఉంటుంది, ఏ పికాక్స్‌కీ (తవ్వే పనిముట్టుకీ) పగలదు.

ఎంత లోతులో ఉన్నారో అంచనా వేయకండి, చూసుకోండి. కంప్యూటర్‌లో ఎఫ్3 నొక్కండి. మొబైల్‌లో అయితే వరల్డ్ సెట్టింగ్స్‌లో షో కోఆర్డినేట్స్ ఆన్ చేయండి. కనిపించే మూడు అంకెల్లో మధ్యది వై.

దిగేటప్పుడు మెట్లుగా తవ్వుకుంటూ వెళ్లండి. కాళ్ల కింది బ్లాక్‌ను నిట్టనిలువునా తవ్వితే, దాని కింద గుహ ఉందో లావా ఉందో పడేదాకా తెలియదు. దారిలో వై 8 నుంచి సున్నా మధ్య మామూలు రాయి పోయి, ముదురు బూడిద రంగు డీప్‌స్లేట్ మొదలవుతుంది. అది రాయికి రెట్టింపు గట్టిది. పికాక్స్ నెమ్మదించిందని కంగారుపడకండి, దాని స్వభావమే అంత.

మైనస్ 59కి చేరాక ఒక బ్లాక్ వెడల్పు, రెండు బ్లాకుల ఎత్తుతో ఒక ప్రధాన సొరంగం తవ్వండి. దానికి రెండు పక్కలా కొమ్మల్లా చిన్న సొరంగాలు తీయండి. కొమ్మకూ కొమ్మకూ మధ్య రెండు బ్లాకులు వదిలితే మధ్యలో ఏదీ మీ కంటినుంచి తప్పించుకోదు. మూడు వదిలితే నడిమి వరస కనిపించదు గానీ, వజ్రాలు ఎక్కువగా గుత్తులుగా ఉంటాయి కాబట్టి పోయేది కొంచెమే. అదే శ్రమకు ఎక్కువ నేల చుట్టి రావచ్చు. మేం మూడే వదలమంటాం.

ఇనుప పికాక్స్ 250 బ్లాకులు తవ్వి విరిగిపోతుంది. ఒక్కో అడుగుకు రెండు బ్లాకులు, అంటే 125 అడుగులకు ఒక పికాక్స్. నాలుగు తీసుకెళ్తే 500 అడుగులు. వాటికి కావలసింది 12 ఇనుప కడ్డీలు, 8 కర్రలు. వజ్రాన్ని రాతి పికాక్స్‌తో మాత్రం కొట్టకండి. బ్లాక్ పగులుతుంది, చేతికి ఏమీ రాదు.

ఇంకో విషయం. గాలి తగిలే చోట వజ్రాలు పుట్టకుండా ఆటే చాలావరకు ఆపేస్తుంది. వజ్రకరూరు, జొన్నగిరి పొలాల్లో తొలకరి వానకు పైకి తేలిన వజ్రాల కోసం జనం నేలమీద వెతుకుతారు. ఇక్కడ తీరు వేరు. గుహ గోడల్లో ఎంత వెతికినా కొన్నే దొరుకుతాయి, మిగతావి గట్టి రాయి నడుమ ఉంటాయి. అందుకే సొరంగం తవ్వాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఆటలో లావాలో పడి, సంపాదించిందంతా కాలిపోయిందని రాత్రి అన్నం కూడా తినలేదు. ముందే తెలుసుకునే మార్గం లేదా? (గుంటూరు)

జవాబు: ఉందండీ. వై మైనస్ 55, ఆ కింద ఉన్న గుహల అడుగున లావా నిండి ఉంటుంది, కాబట్టి మైనస్ 59లో అది ఎదురుకావడం మామూలే. మొదటి గుర్తు పైకప్పు. తలమీది బ్లాక్ అడుగున నారింజ రంగు బొట్లు కారుతుంటే, సరిగ్గా దానిపైనే లావా ఉంది. ఆ బ్లాక్‌ను తాకకూడదు. రెండో గుర్తు చప్పుడు. కుతకుత ఉడుకుతున్నట్టు బుడగల శబ్దం వినిపిస్తుంది. సంగీతం ఆపి, ఆట శబ్దాలు మాత్రం ఉంచుకుని తవ్వమనండి.

నీళ్ల బకెట్ ఎప్పుడూ చేతికందే వరసలో ఉండాలి. గోడ పగిలి లావా కనిపిస్తే వెంటనే ఒక రాతి బ్లాక్‌తో ఆ కంత మూసి వెనక్కి జరగాలి. దాటక తప్పదంటే నీళ్లు పోయాలి. నిలిచి ఉన్న లావా అబ్సిడియన్ అనే చాలా గట్టి నల్లరాయి అవుతుంది, పారే లావా కాబుల్‌స్టోన్ అనే రాయి అవుతుంది. వజ్రం చుట్టూ ఉన్న బ్లాకులు ముందు తీసి చూశాకే వజ్రాన్ని కొట్టాలి. లేకపోతే రాలిన వజ్రం వెనకున్న లావాలో పడి కాలిపోతుంది.

ప్రధాన సొరంగంలో ఒక పెట్టె పెట్టుకుని, దొరికినవి అప్పుడప్పుడు అందులో దాచుకోవడం బాబుకు అలవాటు చేయండి. ఈసారి ఆటలో చనిపోయినా పెట్టెలోవి పోవు.

ప్రశ్న: మొదటిసారి ఎనిమిది వజ్రాల గుత్తి కనిపించింది. అన్నీ తవ్వేయాలా? (హైదరాబాద్)

జవాబు: ఆగండి! ఐదే తవ్వండి. మూడింటితో వజ్రపు పికాక్స్ చేసుకోండి, అబ్సిడియన్‌ను తవ్వాలంటే కనీసం అది ఉండాలి. మిగతా రెండు వజ్రాలు, నాలుగు అబ్సిడియన్లు, ఒక పుస్తకంతో ఎన్‌చాంటింగ్ టేబుల్ (పనిముట్లకు ప్రత్యేక శక్తులిచ్చే బల్ల) వస్తుంది. దాని చుట్టూ 15 పుస్తకాల అరలు పెట్టి, పికాక్స్‌కు ఫార్చ్యూన్ 3 అనే శక్తి వచ్చేదాకా ప్రయత్నించండి.

ఫార్చ్యూన్ 3 ఉంటే ఒక్కో వజ్రపు బ్లాక్ సగటున 2.2 వజ్రాలు ఇస్తుంది, అదృష్టముంటే నాలుగు. అంటే పది బ్లాకులకు పది బదులు సుమారు 22. మిగిలిన మూడింటి పక్కన టార్చ్ పెట్టి, ఆ చోటు చూపే మూడు అంకెలూ (కోఆర్డినేట్స్) కాగితం మీద రాసుకోండి. అవి ఎక్కడికీ పోవు. సిల్క్ టచ్ అనే శక్తి ఉన్న పికాక్స్ దొరికితే బ్లాక్‌ను అలాగే ఇంటికి తెచ్చుకుని, ఫార్చ్యూన్ వచ్చాక కొట్టొచ్చు.

ప్రశ్న: వజ్రాలకన్నా ముందు ఇనుమే చాలడం లేదు. (విజయనగరం)

జవాబు: వై 16 దగ్గర తవ్వండి. దగ్గర్లో ఎత్తైన కొండలుంటే ఇంకా మంచిది, శిఖరాల్లో ఇనుము బాగా ఉంటుంది. సున్నాకు కింద టఫ్ అనే బూడిదరంగు రాయి పెద్ద మొత్తంలో, మధ్యలో ఇనుముతో కలిసి కనిపిస్తే వదలకండి, అది భారీ ఇనుప సిర కావచ్చు. ఆ టఫ్ వెంటే తవ్వుకుంటూ పోవాలి.

ప్రశ్న: సొరంగం చివర నల్లటి నీలంలో మెరిసే మచ్చల నేల వచ్చింది. అడుగు పెడితే ఏదో అరిచింది, తెర చీకటైంది. (బెంగళూరు)

జవాబు: అది డీప్ డార్క్ అనే లోతట్టు ప్రాంతం. అరిచింది స్కల్క్ ష్రీకర్ అనే బ్లాక్. దాన్ని మళ్లీ మళ్లీ రేపితే నాలుగోసారికి వార్డెన్ అనే రాక్షసి నేల చీల్చుకుని వస్తుంది. దానితో పోరాడే ఆలోచన పెట్టుకోవద్దు. దాని ప్రాణం 500, గోడ చాటున దాక్కున్నా దాని శబ్దపు దెబ్బ తగులుతుంది.

వంగి నడిస్తే అడుగుల చప్పుడు అక్కడి సెన్సర్లకు (చప్పుడు పసిగట్టే బ్లాకులకు) చేరదు. కానీ బ్లాక్ తవ్వితే చేరుతుంది, చాలామంది పొరబడేది ఇక్కడే. కాబట్టి అక్కడ ఏదీ తవ్వకుండా, వంగే వెనక్కి రండి. దూరంగా వచ్చాక దారి మూసి, కొత్త కొమ్మను ఎదురు దిక్కుకు తీయండి.