నగరంలోని వేడిపై ప్రాజెక్టుకు ఉపగ్రహ చిత్రాలు మాత్రమే చాలునా?

చెట్లున్న వీధులు ఎంత చల్లగా ఉంటాయో ల్యాండ్‌శాట్ అనే భూపరిశీలక ఉపగ్రహాల చిత్రాలతోనే నిరూపించి పీజీ ప్రాజెక్టు పూర్తి చేయవచ్చా అని అడిగారు. పీజీలో నేనూ దాదాపు ఇదే విషయంపై పనిచేశాను. నా అభిప్రాయంలో ఆ చిత్రాలు నగరంలోని ప్రాంతాలను పోల్చడానికి పనికివస్తాయి గాని, వీధిలో నడిచే మనిషికి తగిలే వేడిని గురించి చెప్పడానికి చాలవు.

2008 నుంచి ఈ చిత్రాలు ఉచితంగా దొరుకుతున్నందువల్ల విద్యార్థులు వాటివైపే మొగ్గుతారు, అందులో తప్పేమీ లేదు. అయితే ఉపగ్రహం చూపేది గాలి ఉష్ణోగ్రత కాదు. పైకప్పుల, రోడ్ల, చెట్ల కొమ్మల పైభాగపు ఉష్ణోగ్రత మాత్రమే. మీకు కావలసిన నీడ ఆ కొమ్మల కింద ఉంటుంది, అది ఉపగ్రహానికి కనిపించదు. పైగా ల్యాండ్‌శాట్ 8 ఉష్ణ సెన్సరు అసలు స్పష్టత 100 మీటర్లు, అంటే చిత్రంలో ఒక్కో గడి నేలపై అంత వెడల్పు ఉంటుంది. దానిని 30 మీటర్ల గళ్లుగా మార్చి ఇస్తారు కాబట్టి పటంలో కనిపించే సూక్ష్మతను పూర్తిగా నమ్మి ఒక్క చెట్ల వరుస గురించి తీర్మానం చేయకూడదు. సమయం సంగతి కూడా ఉంది. పగటి చిత్రాలు సుమారు ఉదయం పది గంటల ప్రాంతంలో తీసినవి, కాని పగలంతా కాంక్రీటు, తారు దాచుకున్న వేడి బయటికి వచ్చే రాత్రివేళల్లోనే, ముఖ్యంగా ఆకాశం నిర్మలంగా ఉండి గాలి లేనప్పుడు, నగరానికీ శివారుకూ మధ్య గాలి ఉష్ణోగ్రతలో తేడా ఎక్కువగా ఉంటుంది.

అందుకే నేను ఒకే వెడల్పు, ఒకే దిశ ఉండి, ఒకదానిలో చెట్లున్న, మరొకదానిలో లేని రెండు పక్కపక్క వీధులను ఎంచుకుని, ఒకే ఎత్తులో, ఎండ నేరుగా తగలకుండా కవచం అమర్చిన చిన్న లాగర్లను (ఉష్ణోగ్రతను వాటంతట అవే నమోదు చేసే పరికరాలను) పెట్టాను; కవచం లేకపోతే పరికరం తన సొంత వేడినే నమోదు చేస్తుంది. పగటిపూట గాలి ఉష్ణోగ్రతలో తేడా స్వల్పంగానే వచ్చింది, ఎందుకంటే నీడ ప్రధానంగా తగ్గించేది మన ఒంటిపై పడే వికిరణాన్ని. వికిరణపు వేడిని కూడా పట్టే నల్లని గ్లోబు ఉష్ణమాపకాన్ని (నల్లని గోళం లోపల అమర్చిన ఉష్ణమాపకాన్ని) పక్కన పెట్టి చూసినప్పుడే వికిరణంలోని తేడా బాగా బయటపడింది, మా పరీక్షకులు ఎక్కువసేపు ప్రశ్నించింది కూడా దాని గురించే.

మీ దగ్గర పరికరాలు లేకపోతే శీర్షికలో ‘ఉపరితల ఉష్ణోగ్రత’ అని స్పష్టంగా రాసి అంతవరకే తేల్చండి. లాగర్లు పెట్టదలిస్తే స్తంభాలకు అమర్చడానికి అనుమతి కోరే దరఖాస్తును అంశం ఖరారైన వెంటనే ఇవ్వండి, అది ఆలస్యమైతే వేసవి దాటిపోతుంది.